మడతక్క వద్దన్న టీకా

టీకా నర్సు లాండ్రీకి దిగి వస్తుందన్న కబురు పొద్దున్నే అందింది. అందిన దగ్గర్నుంచీ ఆసుపత్రి నేలమాళిగలో పనిచేసేవాళ్ళలో సగం మందికి ఒంట్లో ఎక్కడో ఒకచోట బాగుండటం మానేసింది. ఒకరికి జలుబు, ఒకరికి తల తిరుగుడు. బాయిలర్ చూసుకునే ఆవిరాయన తలుపంత మనిషి, మరిగే నీళ్ళ గొట్టాన్ని ఉత్త చేత్తో పట్టుకోగలనని చెప్పుకుంటాడు. ఆయనకీ సూది పడదట. చిన్నప్పుడు సూదిని చూసి కళ్ళు తిరిగి డాక్టరు మీదే పడ్డాడట. చివరికి కట్టు కట్టాల్సి వచ్చింది డాక్టరుకేనట.

మడతక్క మాత్రం ఏ జబ్బూ చెప్పుకోలేదు. దుప్పట్లు మడతపెడుతూ పోయింది.

ఆ పేరు పెట్టింది ఆవిరాయనే. ఆమె మడతపెట్టిన దుప్పటి అంచుతో కూరగాయలు తరుక్కోవచ్చని ఆయన అంటాడు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఇంట్లో కూతురు కూడా కోపమొస్తే మడతక్కా అనే పిలుస్తుంది.

నర్సు చిన్న మనిషి, పెద్ద గొంతు. యంత్రాల చప్పుడు మీంచి అందరికీ వినబడేలా చెప్పింది. హెపటైటిస్ బి అనేది లివర్‌ని పట్టే వైరస్. రక్తంతో వస్తుంది. వార్డుల నుంచి వచ్చే మురికి బట్టల్లో అప్పుడప్పుడూ సూదులు దొరుకుతాయి కాబట్టి లాండ్రీవాళ్ళందరికీ టీకా ఉచితంగా వేస్తారు. మూడు డోసులు, ఆరు నెలల్లో అయిపోతాయి. టీకాలో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల జబ్బు రాదు. చెయ్యి నొప్పి పుడుతుంది, కొందరికి కాస్త ఒళ్ళు వెచ్చబడుతుంది. వేసేముందు కొంచెం రక్తం తీసి చూస్తారు, ఎందుకంటే ఆ వైరస్ ఇప్పటికే ఒంట్లో ఉన్నవాళ్ళకి టీకాతో పనిలేదు, వాళ్ళకి కావలసింది డాక్టరు.

"బలవంతమేం లేదు" అంది చివర్లో. "వద్దనుకున్నవాళ్ళు వద్దని సంతకం పెట్టొచ్చు. మళ్ళీ మనసు మారితే ఏ రోజైనా రావచ్చు. కానీ ఎందుకు వద్దంటున్నారో కనీసం మీకైనా తెలిసుండాలి."

రక్తం తీస్తారన్న మాట దగ్గర మడతక్క చేతులు ఆగిపోయాయి. తన వంతు వచ్చినప్పుడు సూదులు పడవని చెప్పింది.

"ఆ కారణం నాదమ్మా" అన్నాడు వెనక నుంచి ఆవిరాయన. "నువ్వు వేరేది వెతుక్కో."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే వద్దని సంతకం పెట్టేసింది. ఆవిరాయన మాత్రం అంత గొడవా చేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ చాపాడు. ఒకటి చాలని నర్సు చెప్పాల్సి వచ్చింది.

మడతక్కకి సూదంటే భయం లేదు. ఆమె భయం ఆ చిన్న గాజు గొట్టంలోకి ఎక్కే రక్తం గురించి, దాన్ని చూసి ఎవరో ఏదో చెబుతారన్నదాని గురించి.

ఆమెకి ఒక తమ్ముడుండేవాడు. బస్సు నడిపేవాడు, నిక్షేపంలాంటి మనిషి. ఒక ఏడాది వాడి కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, చేతులు మాత్రం పుల్లల్లా అయిపోయాయి. లివర్‌లో గడ్డ అన్నారు. వాడు పోయిన రోజు నడవాలో డాక్టరు ఆమెను ఆపి నెమ్మదిగా చెప్పాడు. ఇది హెపటైటిస్ బి వల్ల వచ్చింది. బహుశా పుట్టినప్పుడే తల్లి నుంచి వచ్చి ఉంటుంది, ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా లోపల కూర్చుంటుంది. తోడబుట్టినవాళ్ళు పరీక్ష చేయించుకోవాలి. మీకు పిల్లలుంటే వాళ్ళకీ చేయించండి.

ఆమె తల ఊపింది. అప్పటికి కూతురు బడికి వెళ్ళే పిల్ల. భర్త వేరే ఊళ్ళో వేరే కాపురం పెట్టేసి చాలా కాలమైంది, అతని గురించి భయపడే పని ఆమె ఎప్పుడో మానుకుంది. భయమంతా పిల్ల కోసమే మిగిలింది. తనలో ఉంటే పిల్లలోనూ ఉంటుంది. పిల్లలో ఉంటే అది పెట్టింది తనే. అంతకు మించి ఆలోచించడానికి ఆమె ధైర్యం చేయలేదు.

లాండ్రీలో ఒక పద్ధతి ఉంది. అంటుజబ్బుల వార్డు బట్టలు ఎర్ర సంచుల్లో మూతి కట్టేసి వస్తాయి. ఆ ఎర్ర సంచి లోపల వేడినీళ్ళలో కరిగే ఇంకో సంచి ఉంటుంది, దాన్ని విప్పకూడదు. పైసంచి తీసేసి, లోపలిదాన్ని అలాగే యంత్రంలో పడేస్తే వేడినీళ్ళకి సంచీ కరిగిపోతుంది, బట్టలూ ఉతుక్కుంటాయి. లోపల ఏముందో ఎవరూ చూడనక్కర్లేదు. ఈ పద్ధతి మడతక్కకి ఎంత నచ్చిందంటే, తనను తాను కూడా ఆ లెక్కలోనే వేసుకుంది.

ఇంట్లో ఆమె కంచం వేరు, గ్లాసు వేరు. ఆమె బట్టలు విడిగా, మరిగే నీళ్ళలో. తువ్వాలు దండెం ఆ చివరన ఆరేది, కూతురిది ఈ చివరన. తన కంచంలోంచి పిల్ల నోట్లో ఒక్క ముద్ద పెట్టలేదు. బడి నుంచి వచ్చి మీద పడబోతే చెమట అనో, బట్టలు మార్చుకోనీ అనో అడ్డు చెయ్యి పెట్టేది. కొన్నాళ్ళకి పిల్ల మీద పడటం మానేసింది. తన తల్లికి శుభ్రం పిచ్చి అని, వీలుంటే తనను కూడా నాలుగు మడతలు పెట్టి అరలో సర్దేస్తుందని స్నేహితురాళ్ళకి చెప్పుకునేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. చెప్పేటప్పుడు తనూ నవ్వేది.

ఒక్కటి మాత్రం ఆమె వదులుకోలేకపోయింది. సెలవురోజు మధ్యాహ్నాలు బాల్కనీలో కూర్చుని తన గోళ్ళు కత్తిరించుకునేది. ఆ తర్వాత కూతురి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని ఆ గోళ్ళూ కత్తిరించేది. బట్టల్లో చేతులుపెట్టేవాళ్ళకి గోరు పెరిగితే దారాల్లో చిక్కుకుంటుంది, అందుకే అలవాటుగా మరీ లోపలికంటా కత్తిరించేది. ఎప్పుడైనా చిన్న రక్తపు చుక్క కనబడితే కొంగుతో అద్దేది. పిల్ల పెద్దదై, కాలేజీకి వెళ్ళి, తన గోళ్ళు తను కత్తిరించుకోగలిగిన తర్వాత కూడా ఆ మధ్యాహ్నాలు ఆగలేదు. ఎవరూ ఆపమని అడగలేదు.

ఆ కూతురికి నర్సింగ్‌లో సీటొచ్చింది.

చేరేముందు చేయాల్సిన పనుల్లో మొదటిదే హెపటైటిస్ బి టీకా, దానికి ముందు రక్తపరీక్ష. ఆ పిల్ల పుట్టినప్పుడు అక్కడ పసిపిల్లలకి ఈ టీకా ఇంకా మొదలుపెట్టలేదు. తర్వాత వేయించాల్సిన తల్లి తల ఊపుతూ ఉండిపోయింది. కూతురు ఈ సంగతి చెబుతుంటే మడతక్క చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది. ఎప్పటికీ విప్పకూడదనుకున్న మూతి ఇప్పుడు వేరే చేతులు విప్పబోతున్నాయి.

ఆ వారమంతా ఆమె కూతురి చెవిలో నెమ్మదిగా పోస్తూ పోయింది. లాండ్రీలో ఎవరూ వేయించుకోలేదంది. అది అబద్ధం. వేయించుకున్న ఆవిరాయనకి చెయ్యి గుమ్మడికాయంత వాచిందంది. ఎవరూ వేయించుకోకపోతే ఆవిరాయన ఎలా వేయించుకున్నాడో ఆ పిల్ల అడగలేదు, అదృష్టం. నేనూ వద్దని సంతకం పెట్టేశానంది. అది ఒక్కటే నిజం, అన్నిటికంటే బాగా పనిచేసిందీ అదే.

"కాలేజీవాళ్ళు మాకూ అదే చెప్పారు" అంది కూతురు. "వద్దంటే సంతకం పెడితే చాలట, పరీక్ష కూడా ఉండదట. నువ్వు ఇన్నేళ్ళుగా ఆ బట్టల్లోనే చేతులుపెట్టి పనిచేస్తున్నావు. నువ్వే వద్దన్నావంటే ఊరికే అనవు కదా. నేనూ పెట్టేస్తాలే."

మర్నాడే పెట్టేసి వచ్చింది. మడతక్క గెలిచింది. గెలిచిన మనిషికి భోజనం సహించాలి. ఆమె కంచం అలాగే వదిలి లేచింది.

తర్వాతి వారం ఆమెకి మురికి బట్టలు వేరుచేసే గదిలో పని పడింది. తోడు గలగల వదిన. గలగల వదిన నోరు పనిచేసినంతసేపే చేతులూ పనిచేస్తాయి, రెండూ కలిసే ఆగుతాయి. దుప్పటిని మూలలు పట్టుకుని పైకి లేపాలి తప్ప చేతులతో కుప్పగా వాటేసుకోకూడదని గోడ మీద రాసి ఉంటుంది. ఆ రోజు వదిన తన ఆడపడుచు కొత్త సోఫా మీద ఎవరినీ కూర్చోనివ్వకపోవడం గురించి చెబుతూ, కోపం ఆపుకోలేక, ఒక కుప్పను ఆడపడుచును పట్టుకున్నట్టు పట్టుకుంది.

మాట మధ్యలో ఆగిపోయింది. దిండుగలీబులో సూది. చేతితొడుగు దాటి బొటనవేలి కింద దిగింది.

మడతక్క నిలబడ్డచోటే గడ్డకట్టింది. వదిన తొడుగు తీసేసి, కుళాయి కింద సబ్బుతో చెయ్యి కడుక్కుని, "పైకెళ్ళి చూపించుకొస్తా, ఇవి నువ్వు ముట్టుకోకు" అని వెళ్ళిపోయింది. 

భోజనం వేళకి వదిన తిరిగొచ్చింది. డబ్బా మూత తీసింది.

"ఏమన్నారు వదినా?"

"ఏమంటారు. ఇదివరకు పనిచేసిన ఆసుపత్రిలోనే నాకు మూడు డోసులూ పడ్డాయి, రక్షణ ఉందని రక్తంలో చూసి మరీ రాసిచ్చారు. హెపటైటిస్ బి సంగతి మర్చిపొమ్మన్నారు. వేరేవాటికి ఏవో పరీక్షలు చేస్తారట, అవి చేయించుకుంటా." ఒక ముద్ద తిని, "సోఫా దగ్గర కదూ ఆపాను?" అంది.

సోఫా కథ చివరిదాకా నడిచింది. మడతక్కకి ఒక్క మాట ఎక్కలేదు. ఆమె కళ్ళ ముందు వదిన లేదు, తెల్ల దుస్తుల్లో తన కూతురుంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో సూది, వేలి మీద ఒక చుక్క. ఆ పిల్ల కూడా కుళాయి కింద చెయ్యి కడుక్కుని పైకి వెళుతుంది. టీకా వేయించుకున్నావా అని అడుగుతారు. లేదు, మా అమ్మ వద్దంది అంటుంది.

డబ్బా మూత పెట్టేసి ఆమె మెట్లెక్కింది.

టీకా గది బీరువా కంటే కొంచెం పెద్దది. నర్సు ఒక్కతే ఉంది. మా అమ్మాయికి టీకా వేయించాలి, కానీ రక్తం తీయకుండా వేయొచ్చా అని అడిగింది మడతక్క. వేయొచ్చు, కానీ పరీక్షంటే ఎందుకంత భయమని నర్సు అడిగింది. మడతక్క గోడ వైపు చూస్తూ తమ్ముడి సంగతి చెప్పింది, నడవాలో డాక్టరు అన్న మాటలూ చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ మాటలు బయటికి అనడం అదే మొదటిసారి. పెద్ద కథ అనుకుంది. తీరా చెబితే నాలుగు మాటల్లో అయిపోయింది.

"నేను మాత్రం ఇంట్లో ఏ లోటూ చేయలేదండీ" అంది, పని అప్పజెబుతున్నట్టు. "నా కంచం వేరు, గ్లాసు వేరు. నా బట్టలు వేడినీళ్ళలో విడిగా ఉతుకుతాను. పిల్లను మీదకి కూడా రానివ్వలేదు."

 నర్సు పెద్ద గొంతు చిన్నదైపోయింది.

"అవేవీ అక్కర్లేదమ్మా. కంచంతో రాదు, గ్లాసుతో రాదు, బట్టలతో రాదు. దగ్గరికి తీసుకుంటే రాదు."

"మరి?"

"రక్తంతోనే. ఒకే రేజరు వాడటం, ఒకే టూత్‌బ్రష్షు, నెయిల్ కట్టరు, అలాంటివాటితో."

ఆ తర్వాత నర్సు చెప్పినవి మడతక్కకి వినబడలేదు. బాల్కనీ కనబడింది. ఒళ్ళో చిన్న చెయ్యి కనబడింది. ముందు తన గోళ్ళు, తర్వాత దానివి. ఒకే కట్టరు, మధ్యలో కడిగింది లేదు. బట్టల మనిషి కాబట్టి జబ్బంతా బట్టల్లోనే ఉంటుందనుకుంది. దుప్పట్లు మరగబెట్టింది, ముద్దు పెట్టుకోవడం మానేసింది, రక్తపు చుక్కను మాత్రం కొంగుతో అద్దింది.

 నర్సు ఆమెను భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. అసలు ముందు మీలో ఉందో లేదో తెలియాలి కదా అంది. ఉన్నా అమ్మాయికి వచ్చే ఉంటుందని రాసిపెట్టి లేదంది. పెద్దయ్యాక సోకితే చాలామందిలో ఒళ్ళే దాన్ని వదిలించుకుంటుందని, వదలనివాళ్ళకీ దాన్ని అణిచిపెట్టే మాత్రలున్నాయని, లాండ్రీ పని ఎవరూ తీసేయరని చెప్పింది. "తెలియకపోవడం వల్ల అది ఊరుకోదు" అంది. "మీ తమ్ముడిలో ఊరుకుందా?"

మడతక్క చెయ్యి చాపింది. రక్తం గొట్టంలోకి ఎక్కుతుంటే కళ్ళు తిప్పుకోలేదు. ఎర్రగానే ఉంది, అందరిదీ ఉన్నట్టే. అందులో ఏముందో చూస్తే తెలిసే రకం కాదు.

ఇంటికి వెళ్ళి చెప్పడం దానికంటే కష్టమైంది. కూతురు వంటగది గట్టు మీద కూర్చుని వింది. కోపంతో అరుస్తుందనుకుంది మడతక్క, అరవలేదు. మధ్యలో ఒకసారి తన వేళ్ళ వైపు చూసుకుని, పిడికిళ్ళు బిగించి చంకల కింద దాచేసుకుంది. అది చూశాక మడతక్క అక్కడితో ఆపేసింది.

"చిన్నప్పుడు నేను మీదకొస్తే నెట్టేసేదానివే," అంది కూతురు, "అది దీనికా?"

"దీనికే."

"నేనంటే నీకు అసహ్యం అనుకున్నాను. కొన్నాళ్ళు." గట్టు మీంచి దిగలేదు. "సరే, అది అప్పుడు. ఇప్పుడు సంతకం ఎందుకు పెట్టించావు నాచేత?"

అబద్ధాలు ఇంకా రెండు మూడు మిగిలే ఉన్నాయి. మడతక్క వాటిని వాడలేదు.

"నీలో ఉంటే అది నావల్లేనని బయటపడుతుంది కదా. నీ మొహం చూడాల్సొస్తుందని."

కూతురు ఆమె వైపు చూసింది, బాగా చూసింది. "నా మొహం చూడలేక నన్ను వార్డులోకి ఉత్త చేతులతో పంపిద్దామనుకున్నావు" అంది. తిట్టినట్టు కాదు, పాఠం అర్థం చేసుకుంటున్నట్టు. ఆ నెమ్మది మడతక్కను కోసేసింది. ఆ తర్వాత పిల్ల దిగి, స్నానాలగదిలోకి వెళ్ళి, నెయిల్ కట్టరూ రేజరూ తెచ్చి చెత్తబుట్టలో వేసి, "రేపు మీ ఆసుపత్రిలో నా రక్తం ఇవ్వడానికి నాతో వస్తున్నావు. దారిలో కడుపునొప్పి అన్నావంటే నిన్ను అక్కడే అత్యవసర విభాగంలో చేర్పిస్తాను" అని తన గదిలోకి పోయి తలుపేసుకుంది.

పరీక్ష జవాబులు వచ్చేదాకా ఇద్దరూ ఒకరికొకరు అడ్డురాకుండా తిరిగారు. రోజులు గడవనంటూ మొండికేశాయి. మడతక్క అద్దం ముందు కళ్ళ తెల్లగుడ్లు లాగి చూసుకునేది. కూతురు అలసటగా ఉందంటే దాని కళ్ళు పచ్చబడ్డాయేమోనని దూరం నుంచే చూసేది. అన్నం వద్దంటే రెండోసారి వడ్డించేది. స్నేహితురాలితో గొడవపడి తినలేదని తర్వాత తెలిసేది. తమ్ముడు కూడా మొదట అన్నం వద్దనేవాడు. తనలో ఉన్నా ఫరవాలేదు, దానిలో ఉండకూడదు అని ఎవరితోనో బేరమాడేది. ఎవరితోనో ఆమెకే తెలియదు.

నర్సు ఇద్దరినీ లోపలికి పిలిచింది. కుర్చీ ఒక్కటే ఉంది, ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"ముందు దానిది చెప్పండి" అంది మడతక్క.

"అమ్మాయిలో వైరస్ లేదు. ఎప్పుడూ సోకిన గుర్తు కూడా లేదు. అలాగే రక్షణా లేదు." నర్సు కాగితం తిప్పింది. "మీలో ఉందమ్మా."

మడతక్క రెండో మాట విన్నదో లేదో తెలియదు. మొదటిదే మళ్ళీ చెప్పమంది. నర్సు మళ్ళీ చెప్పింది. మడతక్క గోడకి ఆనుకుంది.

నర్సు పద్ధతి ప్రకారం కూతురిని అడిగింది. ఇదివరకు వద్దని సంతకం పెట్టావు, ఇప్పుడు వేయించుకుంటావా, ఆలోచించుకుని చెబుతావా, నీ ఇష్టం అంది. కూతురు తల్లి వైపు తిరగలేదు. ఈసారి ఎవరి మొహమూ చూసి నిర్ణయించుకోదలచుకోలేదు. నర్సునే రెండు ప్రశ్నలడిగింది. మూడు డోసుల తర్వాత రక్షణ వచ్చిందో లేదో చూస్తారా? వార్డుల్లో పనిచేసేవాళ్ళకి తప్పకుండా చూస్తామంది నర్సు. ఇంట్లో ఒకరిలో ఉంటే రెండో మనిషికి ఇది సరిపోతుందా? సరిగ్గా దానికేనమ్మా ఈ టీకా అంది. కూతురు చొక్కా చెయ్యి భుజం దాకా మడిచింది.

సూది దిగుతుంటే మడతక్క చూస్తూనే ఉంది. కూతురు మొహం చిట్లించింది, అంతే.

అప్పుడు మొదలైంది రెండో భయం. మొదటిది వెళ్ళిపోయాక ఖాళీ అయిన చోటికి తీరిగ్గా వచ్చి కూర్చుంది. ఇది పూర్తిగా తన కోసమే. వైరస్ ఉందన్నారు సరే, ఇన్నేళ్ళలో లోపల ఏం చేసింది? తమ్ముడికి చేసినంతా చేసేసిందా? లివర్ డాక్టరు మరిన్ని రక్తపరీక్షలు రాసి, స్కానింగ్‌కి పంపాడు. అవి చూశాకే మాత్రలు కావాలో వద్దో చెబుతానన్నాడు.

స్కానింగ్ గది చల్లగా, చీకటిగా ఉంది. స్కాన్ తీసేవాడు పొట్ట మీద జెల్ వేస్తూ మామూలుగా అడిగాడు, ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బుందా అని. ఇదివరకైతే లేదనేది. మూల కుర్చీలో కూతురు కూర్చుని ఉంది.

"మా తమ్ముడికి ఉండేది, దాంతోనే పోయాడు" అంది మడతక్క. "మా అమ్మకి ఉండే ఉంటుంది. నాకుంది."

"అమ్మాయికి?"

"లేదు" అంది కూతురు. "నాకు రాదు కూడా. ఇంకా రెండు డోసులున్నాయి."

అతను పరికరాన్ని పక్కటెముకల కింద ఆనించి నెమ్మదిగా జరపసాగాడు. ఒకచోట ఆగాడు. వెనక్కి జరిపాడు. మళ్ళీ అక్కడికే వచ్చాడు.  తెర అతని వైపుకి తిరిగి ఉంది, వెలుగు మాత్రం అతని మొహం మీద కదులుతోంది. మడతక్క ఆ మొహంలో వెతికింది. ఏమీ దొరకలేదు. 

"బాబూ," అంది. "ఆ తెర కాస్త ఇటు తిప్పు. చూస్తాను."